కంటి అడుగును చూపే కెమెరా

ఊరి బావిలో చేంతాడు తెగి చేద పడిపోతే పూర్వం పాతాళ గరిగె వేసి తీసేవారు. అయితే గరిగె వేయడానికి ముందు చేద ఎక్కడ పడిందో తెలియాలి గదా! పైనుండి తొంగి చూస్తే చీకటి తప్ప ఏమీ కనబడదు. పైగా తొంగి చూసే మనిషి తలే వెలుతురుకు అడ్డం వస్తుంది. అప్పుడు ఇంట్లోనుండి ఒక అద్దం తెచ్చి, ఎండ పడేచోట నిలబడి, ఆ ఎండను బావిలోకి మళ్లించేవారు. వెలుగు అడుగుదాకా పోయేది. పక్కన నిలబడ్డవారికి చేద కనిపించేది.

మన కన్ను కూడా ఇటువంటి బావే. కంటి నడుమ నల్లగా కనిపించే కంటిపాప నిజానికి నల్లని వస్తువు కాదు, అదొక రంధ్రం. దాని గుండా లోపలికి పోయిన వెలుగు వెనుక గోడకు తగిలి, వెళ్లిన దారినే తిరిగి వస్తుంది. ఆ దారిలో మనం కన్ను పెట్టి చూడబోతే మన తలే వెలుగుకు అడ్డమవుతుంది. అందువల్ల వేల ఏళ్లపాటు వైద్యులకు బతికి ఉన్న మనిషి కంటి అడుగు నల్లగానే కనిపించింది. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ ఈ చిక్కును విడదీశాడు. గాజు పలకలను ఏటవాలుగా అమర్చి, దీపం వెలుగును వాటితో కంటిలోకి మళ్లించి, ఆ గాజులోనుండే తాను చూశాడు. బావి దగ్గర మన పెద్దలు అద్దంతో చేసిన పని దాదాపు ఇదే. ఆ సాధనమే ఆఫ్తాల్మోస్కోప్.

అలా చూసినప్పుడు నారింజరంగు గోడ ఒకటి కనిపిస్తుంది. అదే నేత్రపటలం. దానిమీద ముక్కువైపున లేత పసుపురంగులో గుండ్రని బిళ్ల ఉంటుంది. దృశ్యనాడి కంటిని విడిచి మెదడువైపు బయలుదేరే చోటు అది. విజ్ఞానశాస్త్రంలో మీరు అంధచుక్క అని చదువుకున్నది దీనినే. ఆ బిళ్లనుండి రక్తనాళాలు చెట్టు కొమ్మలవలె నలువైపులా వ్యాపించి ఉంటాయి. చెవివైపున కొంచెం ముదురురంగులో పచ్చచుక్క ఉంటుంది. పుస్తకం చదివేది, సూదిలో దారం ఎక్కించేది, ఎదుటివారి ముఖం పోల్చుకునేది ఈ చిన్న చుక్కతోనే. శరీరం లోపలి రక్తనాళాలను కోత లేకుండా ఇంత స్పష్టంగా చూడగలిగిన చోటు మరొకటి లేదు.

ఈ నాళాలకు పెద్ద శత్రువు మధుమేహం. ప్రజలు చక్కెర జబ్బు అనీ, షుగరు అనీ పిలిచేది దీనినే. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, వెంట్రుకకన్న సన్నని ఆ నాళాల గోడలు బలహీనపడతాయి. అక్కడక్కడ చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. వాటిలోనుండి రక్తం, కొవ్వు పదార్థం ఊరుతాయి. కొన్ని నాళాలు పూడుకుపోతాయి. రక్తం అందని చోట్ల కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. కొత్తవి వచ్చాయి గదా, మేలే అనుకోరాదు. అవి చాలా పెళుసు. ఒకనాడు చిట్లితే కంటినిండా రక్తం నిండి చూపు ఒక్కసారిగా మాయమవుతుంది. ఈ వ్యాధిని డయాబెటిక్ రెటినోపతీ అంటారు.

దీనిలోని అసలు ప్రమాదం వేరే ఉంది. ఇది చప్పుడు చేయదు. కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు, నీరు కారదు. పచ్చచుక్క చెక్కు చెదరనంత కాలం చూపు కూడా బాగానే ఉంటుంది. పంటి నొప్పి మనిషిని అర్ధరాత్రి అయినా లేపి వైద్యుని దగ్గరకు నడిపిస్తుంది. ఈ వ్యాధి మాత్రం నష్టం జరిగిపోయిన తరువాతనే తన ఉనికిని చాటుతుంది.

ముందుగా కనిపెడితే అడ్డుకోవడానికి ఉపాయం ఉంది. జర్మనీలో గెర్డ్ మేయర్ ష్వికెరాత్ అనే వైద్యుడు, 1945లో సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి కంటి అడుగు కాల్చుకున్నవారిని పరీక్షించాడు. హాని చేసిన ఆ వెలుగునే అదుపులో పెట్టి వైద్యానికి వాడరాదా అని ఆలోచించాడు. మొదట ఎండతోనూ తరువాత బలమైన దీపాలతోనూ ప్రయత్నించాడు. ఆ దారిలోనే తరువాత లేజర్ చికిత్స వచ్చింది. ముదిరిన రెటినోపతీలో లేజర్ చికిత్స వలన తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గుతుందని అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన 1976లో తేల్చింది. ఇప్పుడు కంటిలోకి ఇచ్చే సూదిమందులు కూడా ఉన్నాయి. అయితే లేజర్ ఉన్న చూపును నిలబెడుతుందే గాని, పోయిన చూపును తెచ్చి ఇవ్వలేదు. కాబట్టి ఎప్పుడు కనిపెట్టామన్నదే ఇక్కడ ప్రశ్న.

మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది అని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన పరిశీలన 2023లో ప్రకటించింది. వీరందరి కళ్లనూ ఏటా ఒకసారి చూడాలి. కంటి వైద్యులేమో ఎక్కువగా నగరాలలో ఉంటారు. కళ్లు బాగానే కనిపిస్తున్న రైతు, ఒక రోజు కూలి వదులుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, నగరానికి పోయి ఆసుపత్రి వరుసలో కూర్చుంటాడా? కూర్చోడు. అతనిది తప్పు అనడం సులభమే. అతని స్థానంలో మనమున్నా అంతే చేస్తాము.

అందుకని వైద్యులు జల్లెడ పట్టడం మొదలుపెట్టారు. ఇంట్లో పిండి జల్లించే తీరు మీకు తెలిసినదే. జల్లెడ రొట్టె చేయదు. నలగని నూకను వేరు చేస్తుంది, అంతే. వైద్యంలో స్క్రీనింగ్ అనేది ఇదే. ఇది వ్యాధి నిర్ణయం కాదు, చికిత్స అంతకన్నా కాదు. వందమందిలో ఎవరిని పెద్ద వైద్యుని దగ్గరకు వెంటనే పంపాలో, ఎవరిని వచ్చే ఏడు మళ్లీ రమ్మనాలో వేరు చేసే పని. ఈ పనికి వాడే జల్లెడ ఫండస్ కెమెరా. కంటిపాపగుండా వెలుగు పంపి, నేత్రపటలాన్ని ఫొటో తీస్తుంది. ఫొటో పల్లెలో తీసి నగరంలోని వైద్యునికి పంపవచ్చు. కన్ను ప్రయాణం చేయనక్కరలేదు, దాని చిత్రం చేస్తే చాలు.

అయితే కెమెరా పట్టేది ఎవరు?

మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరలు పోయినా లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేసిన వైద్యుడాయన. ఆ ఆసుపత్రి పల్లెటూళ్ల ఆడపిల్లలను ఎంపిక చేసి, రెండేళ్లపాటు శిక్షణ ఇచ్చి, వైద్యునికి చేదోడుగా ఉండే సిబ్బందిగా తయారుచేసింది. 2004 నుండి చిన్న పట్టణాలలో దృష్టి కేంద్రాలు తెరిచింది. అక్కడ శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు. వైద్యుడు ఆసుపత్రిలోనే ఉండి తెరమీద రోగితో మాట్లాడతాడు. తేనిలో ఇందుకోసం దూరాలకు పనిచేసే వైఫై సంబంధాలను అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏర్పరచి ఇచ్చారు. హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ కూడా ఇదే దారి పట్టింది. ఆ సంస్థ ప్రణాళికలో సుమారు 50 వేల మంది జనాభాకు ఒక దృష్టి కేంద్రం ఉంటుంది. అటువంటి పదింటికి అండగా ఒక చిన్న ఆసుపత్రి ఉంటుంది. 2006లో ఈ సంస్థ ఒడిశాలోని భువనేశ్వర్‌లోనూ శాఖ తెరిచింది. ఈ కేంద్రాలలో పనిచేసేవారు వైద్యులు కారు. పాఠశాల చదువు ముగించి, కంటి పరీక్షలో శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులు.

మీట నొక్కితే ఫొటో పడుతుంది గదా, దీనికి శిక్షణ ఎందుకు అనిపించవచ్చు. కష్టం మీటలో లేదు. మీట నొక్కడానికి ముందున్న పదినిమిషాలలో ఉంది.

మొదట గది. వెలుతురు ఎక్కువైతే కంటిపాప ముడుచుకుంటుంది. ముడుచుకున్న పాపగుండా వెలుగు సరిగా పోదు. అందుకని గదిని చీకటి చేయాలి. కిటికీకి ముదురు తెర కట్టాలి. తలుపు సందునుండి వచ్చే వెలుగును కూడా ఆపాలి. రోగిని ఆ చీకటిలో కొంతసేపు కూర్చోబెడితే పాప తనంతట తానే విప్పారుతుంది. కెమెరాను కంటికి సరిచేసుకునేటప్పుడు మామూలు వెలుగు వాడితే పాప మళ్లీ ముడుచుకుంటుంది గదా! అందుకే ఆ సమయంలో కెమెరా పరారుణ కిరణాలను వాడుతుంది. అవి మన కంటికి కనబడవు కాబట్టి పాప మోసపోయి విప్పారే ఉంటుంది. అంతా సరిపోయిన క్షణంలో ఒక్కసారి తెల్లని మెరుపు మెరుస్తుంది, ఫొటో పడుతుంది. ఆ మెరుపుతో రెండు కళ్ల పాపలూ ముడుచుకుంటాయి. అవి తిరిగి విప్పారేదాకా కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు రెండవ కన్ను తీయాలి. బయట ముప్పైమంది వరుసలో నిలబడి తొందరపెడుతున్నా ఆగాలి. కొత్తగా నేర్చుకున్నవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కుడికంటి ఫొటో చక్కగా వస్తుంది, ఎడమకంటి ఫొటో మసకగా వస్తుంది.

తరువాత తల నిలపడం. గడ్డం ఆనించే పీటమీద గడ్డం, పైన పట్టీకి నుదురు ఆనాలి. పక్క కడ్డీమీద ఒక గీత ఉంటుంది. కంటి కొన ఆ గీతకు సరిగా రావాలి. కెమెరా మరీ దగ్గరైనా, మరీ దూరమైనా ఫొటో అంచుల్లో తెల్లని మసక పడుతుంది. రెప్ప పూర్తిగా ఎత్తకపోతే వెంట్రుకల నీడ అడ్డం వస్తుంది.

కటకం మీద ధూళి పడితే ఇంకొక చిక్కు. ఆ ధూళి ఫొటోలో చుక్కలాగా కనిపిస్తుంది. అది చూసి కంటిలో రక్తపు చుక్క అని పొరబడే అవకాశం ఉంది. దీనిని గుర్తుపట్టడానికి శిక్షణలో ఒక కిటుకు నేర్పుతారు. వరుసగా తీసిన నలుగురి ఫొటోలను పక్కపక్కన పెట్టి చూడాలి. చుక్క అందరి ఫొటోలలోనూ ఒకే చోట ఉంటే అది కెమెరాది, మనిషిది కాదు. అప్పుడు పైట చెంగుతోనో రుమాలుతోనో తుడవరాదు. రబ్బరు బుడ్డితో గాలి ఊది, తరువాత కటకాల కోసం చేసిన మెత్తని కాగితంతో తుడవాలి.

కుడి, ఎడమ గుర్తులు తారుమారు కావడం మరింత ప్రమాదకరం. బాగున్న కంటికి చికిత్స జరిగి, జబ్బు కన్ను అలాగే ఉండిపోతే! దీనికి ఫొటోలోనే సాక్ష్యం ఉంది. కుడికంటి ఫొటోలో ఆ లేత పసుపు బిళ్ల చూసేవారికి కుడివైపున, ఎడమకంటి ఫొటోలో ఎడమవైపున కనిపిస్తుంది. చీటీమీద రాసినది ఒకటి, బిళ్ల చెప్పేది ఒకటి అయితే బిళ్ల మాటనే నమ్మాలి.

ఇంత జాగ్రత్తగా తీసినా కొందరి ఫొటో స్పష్టంగా రాదు. ముసలివారిలో కంటిపాప చిన్నదవుతుంది. శుక్లం ఉంటే వెలుగు లోపలికి పోదు. పాప విప్పారేందుకు చుక్కలమందు వేయవచ్చుగాని, కొన్ని రకాల కళ్లలో ఆ మందు ఒక్కసారిగా కంటి ఒత్తిడిని పెంచుతుంది. అటువంటి కళ్లను ముందే పోల్చుకోవడం కూడా శిక్షణలో భాగమే. అన్నింటికన్నా కష్టమైన పాఠం వేరొకటి ఉంది. ఫొటో మసకగా వచ్చినప్పుడు “ఏమీ లేదులెండి” అనరాదు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. కనబడలేదని రాసి, ఆ మనిషిని వైద్యుని దగ్గరకు పంపాలి.

ఇక భాష సంగతి. తేని, విరుదునగర్ ప్రాంతాలలో ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దలు ఎందరో ఉన్నారు. వారికి బజారు తమిళం వస్తుంది. అయినా చీకటి గదిలో, తెలియని యంత్రం ముందు, ఎదుట ఏమి మెరుస్తుందోనన్న బెదురులో ఉన్నప్పుడు మనిషికి అందేది ఇంటి భాషే. “తాతా, గడ్డం ఇక్కడ ఆనించండి. ఆ పచ్చని దీపాన్నే చూడండి. రెప్ప ఆర్పవద్దు” అని తన మాటలో వింటే ఆయన కదలడు. కదలకపోతే ఫొటో ఒక్కసారికే వస్తుంది. పావగడలోనైనా, రాయగడలోనైనా, షోలాపూరులోనైనా ఇది ఇంతే. రెండు మూడు భాషలు తెలిసిన పిల్ల ఆ గదిలో ఉండడం మంచి కెమెరా ఉండడమంత మేలు.

ఫొటో తీయడమేగాక, దానిని చదివే పనికూడా ఇటీవల యంత్రాలు నేర్చుకున్నాయి. 2016లో గూగుల్ సంస్థ పరిశోధకులు వైద్యులు ముందే చూసి తీర్పు చెప్పిన 1,28,175 నేత్రపటల చిత్రాలను కంప్యూటరుకు చూపి, దానికి రెటినోపతీని గుర్తించడం నేర్పినట్లు ప్రకటించారు. ఆ పనిలో మదురై అరవింద్ ఆసుపత్రి, చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు కూడా పాలుపంచుకున్నారు. 2018లో అమెరికా ప్రభుత్వం, వైద్యుని ప్రమేయం లేకుండానే ఈ వ్యాధిని పట్టే మరొక యంత్రానికి అనుమతి ఇచ్చింది. అంతకు ముందు దానిని పది సాధారణ వైద్యశాలల్లో 900 మందిమీద పరీక్షించారు. అంతకు మునుపెన్నడూ కంటి ఫొటో తీయని సిబ్బందికి నాలుగు గంటల శిక్షణ ఇచ్చి కెమెరా అప్పగించారు. పంపవలసినంత వ్యాధి ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 87 మందిని యంత్రం పట్టింది. లేనివారిలో ప్రతి 100 మందికి సుమారు 91 మందిని లేదని సరిగానే చెప్పింది. మంచి జల్లెడే. అయినా 13 మంది దాని కళ్లు కప్పి జారిపోయారన్న సంగతి మరువరాదు. ఈ ఏడు బాగుందన్నారు గదా అని వచ్చే ఏడు రాకుండా ఉండకూడదనడం ఇందుకే.

నాలుగు గంటలు చాలునన్నమాట అని సంబరపడేలోగా థాయిలాండ్ అనుభవం వచ్చింది. అక్కడి పతుం థాని, చియాంగ్ మాయ్ రాష్ట్రాలలో 11 వైద్యశాలల్లో గూగుల్ యంత్రాన్ని నర్సుల చేతికి ఇచ్చి, 2018, 2019 సంవత్సరాలలో పరిశీలించారు. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మొదటి ఆరు నెలల్లో నర్సులు తీసిన 1,838 చిత్రాలలో 393 చిత్రాలను యంత్రం చదవనని తిప్పికొట్టింది. అంటే అయిదింట ఒకటి! నర్సులు చేతకానివారు కారు. ఏళ్ల తరబడి ఆ ఫొటోలే తీస్తున్నవారు. అయితే పూర్తిగా చీకటి చేయదగిన ప్రత్యేకమైన గది రెండు వైద్యశాలల్లోనే ఉంది. మిగిలినచోట్ల వేరే పనులు జరిగే గదిలోనే ఒక మూల కెమెరా పెట్టుకున్నారు. ఒకచోట రెండు గంటలసేపు ఇంటర్నెట్ ఆగిపోయి, 200 మందికి జరగవలసిన పరీక్ష 100 మందితో ముగిసింది. ఫొటోలో ఒక మూల కొంచెం మసక ఉన్నా నర్సు కంటికి మిగతా భాగమంతా స్పష్టంగా కనిపిస్తుంది. యంత్రం మాత్రం ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే రోగిని దూరంలోని నిపుణుని దగ్గరకు పంపాలని నిబంధన. అందుకు ఒక రోజు పని పోతుంది. ఈ బాధ చూడలేక కొందరు నర్సులు, ఈ పరీక్షలో చేరకుండా ఉండడమే మేలని రోగులకు చెప్పవలసి వచ్చింది.

యంత్రాన్ని తయారుచేసినవారు దీనిని దాచలేదు. తామే రాసి ప్రకటించారు. ఆ నిజాయితీ మెచ్చదగినది. వారు లక్షకు పైగా చిత్రాలను యంత్రానికి చూపారు గాని, ఆ చిత్రాలు తీసే గది కిటికీకి తెర ఉందా అన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. తరువాత నర్సులను కూర్చోబెట్టుకుని, వారి మాట విని, పద్ధతులు సవరించారు.

పరీక్ష అయిన తరువాత ఉండే మాటల పనిని ఏ యంత్రమూ చేయదు. ఒక దృష్టి కేంద్రానికి అరవై ఏళ్లు దాటిన రైతు వచ్చాడనుకుందాం. పన్నెండేళ్లుగా ఆయనకు చక్కెర జబ్బు. దూరాన వచ్చే బస్సు పేరు చదవగలడు. ఎడమకంటి ఫొటోలో ఎర్రని చుక్కలు, పచ్చచుక్కకు దగ్గరలో పసుపు మరకలు ఉన్నాయి. మదురై వెళ్లాలని ఆ అమ్మాయి చెబితే ఆయన నవ్వుతాడు.

“కండ్లు బాగానే కనపడతా ఉండాయి గదమ్మా! జబ్బు లేనోణ్ని ఆసుపత్రికి పొమ్మంటావేం?”

ఆమె ఆయనను భయపెట్టకూడదు. గుడ్డివాడవుతావనే మాట అనకూడదు. అలాగని తేలికగా కొట్టివేయకూడదు. శిక్షణలో ఇదికూడా నేర్పుతారు. ఒకరు రోగిలా కూర్చుంటే మరొకరు చెప్పి చూపిస్తారు. ఆమె తెరను ఆయనవైపు తిప్పుతుంది. కుడికంటి ఫొటో ఒక పక్క, ఎడమకంటి ఫొటో ఇంకొక పక్క పెడుతుంది.

“తాతా, ఇది మీ కుడికన్ను. ఇది ఎడమకన్ను. రెంటినీ మీరే చూడండి.”

ఆయన ముందుకు వంగి చాలాసేపు చూస్తాడు. తెలుగు చదవడం, తమిళం చదవడం రాకపోయినా, పొలంలో ఆకుమీద తెగులు మచ్చలను నలభై ఏళ్లుగా చూసిన కళ్లు అవి. ఏ ఆకు బాగుందో, ఏ ఆకుకు పట్టిందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఎడమ ఫొటోలోని మరకమీద వేలు పెడతాడు.

“ఇదేనా?”

“అదే తాతా. ఇప్పుడైతే ఆపవచ్చు.”

ఆయన తలగుడ్డ సర్దుకుని, మదురై బస్సు ఎన్ని గంటలకు అని అడుగుతాడు. ఆమె చీటీమీద “ఎడమ” అని రాసి, బిళ్ల ఏవైపున ఉందో మరొకసారి చూసుకుని, అప్పుడు చీటీ చేతికిస్తుంది.